సెల్ఫ్ కొట్టని పదకొండేళ్లు

ఆయనకు లైసెన్సు మీద ఒక పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. బజారు మొత్తానికీ ఆయన పల్లం మామ. ఏ వీధిలోకి లారీ పట్టుకెళ్లినా ముందు నేల ఎటు వాలిందో చూసి, ఆ తర్వాతే మనుషుల ముఖాలు చూసేవాడు కాబట్టి ఆ పేరు పడింది. సెల్ఫ్ కొడితే ఆ బండి స్టార్టు కాదు. పల్లం మీద ఆపాలి, బ్రేకు వదిలి దొర్లించాలి, రెండో గేరులో పెట్టి క్లచ్చి ఒక్కసారిగా వదలాలి. అప్పుడు ఇంజను ముందు దగ్గి, తర్వాత తిట్టి, చివరికి లేస్తుంది. మామ కూడా పొద్దున్నే ఇదే వరసలో లేస్తాడని ఆయన భార్య అంటుంది.

ఇది ఒక నెలా రెండు నెలల ముచ్చట కాదు. పదకొండేళ్లు ఇలాగే నడిచింది.

సెల్ఫ్ లేకుండా పదకొండేళ్లు లారీ నడపాలంటే దానికి వేరే చదువు కావాలి. ఊళ్లో ఏ రోడ్డు ఎటు వాలిందో దాన్ని వేసిన ఇంజనీర్లకు తెలియదు. ఆ రోడ్లు చూస్తే ఆ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. మామకు మాత్రం జానెడు జానెడు తెలుసు. వాన కురిసినప్పుడల్లా గొడుగేసుకుని బయటికి పోయి నీళ్లు ఎటు పారుతున్నాయో చూసొచ్చేవాడు. అద్దెకు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వంటగది చూడలేదు, కిటికీలు చూడలేదు. గుమ్మం ముందు రోడ్డు మీద ఒక గోలీ పెట్టి ఊపిరి బిగబట్టాడు. అది దొర్లుకుంటూ పోయి మురుగుకాలువలో పడగానే, "ఇల్లు బాగుంది" అన్నాడు. ఆ ఇంట్లో గిన్నెలో పాలు పోస్తే ఒకవైపే ఎక్కువుంటాయి.

ఆ పాలు పోసే అత్త, అంటే మామ భార్య, లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కుడుతుంది. మామూలు బట్ట కుట్టే చేతులు కావవి. అరచెయ్యంత సూదిని దళసరి పట్టాలోంచి అవతలికి లాగే చేతులు. ఆమెతో కరచాలనం చేసిన ఇన్సూరెన్సు ఏజెంటు ఒకడు పాలసీ సంగతి మర్చిపోయి చెయ్యి ఊదుకుంటూ వెళ్లాడు. కుట్టుపని ఒకటీ సరిపోదన్నట్టు ఆమెకు లారీలో ఇంకో ఉద్యోగం కూడా ఉంది. బండికి హ్యాండ్ బ్రేకు ఏనాడో పోయింది. పల్లం మీద ఆపినప్పుడు చక్రం కింద ముక్కోణపు చెక్క ఒకటి పెట్టాలి, బయల్దేరేటప్పుడు లాగాలి, లాగిన తర్వాత కదిలిపోతున్న బండి వెంట పరుగెత్తి ఎక్కాలి. ఈ పనికి కుదిరిన క్లీనర్లు ఒక్కొక్కరే దండం పెట్టి మానేశారు. పెళ్లాం మానెయ్యలేదు కాబట్టి పని ఆమె నెత్తిన పడింది.

ఒకసారి అత్త మెట్ల మీంచి జారితే మడమ బెణికింది. మామ కంగారుపడి లారీలోనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఆస్పత్రి గుమ్మం ముందు నేల బల్లపరుపుగా ఉంది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండు వీధుల అవతల, నీళ్ల ట్యాంకు పక్కన మంచి పల్లం చూసి ఆపి, "ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు, నన్ను పట్టుకుని నడువు" అన్నాడు. దిగే ముందు, "ఆ చెక్క కాస్త..." అని కూడా అన్నాడు. ఆమె ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లి చెక్క పెట్టింది. ఆ రోజు ఏమన్నదో ఇక్కడ రాయడానికి వీల్లేదు. డాక్టరుకు మాత్రం కాలు చూపించి, "దీని సంగతి సరే, మా ఆయన తలకేమైనా మందుందా?" అని అడిగింది.

మరి సెల్ఫ్ ఎందుకు బాగుచేయించుకోలేదూ అంటే, అందులో పెద్ద మర్మమేమీ లేదు. పౌరుషం.

ఆ పాతకాలపు బండి మీద చెయ్యి పెట్టగలిగిన మెకానిక్కు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. అతను అత్త తమ్ముడు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు కనుక లారీలవాళ్లంతా అతన్ని డాక్టరు అంటారు. ఆస్పత్రి డాక్టర్లలాగే అతనికీ తన రాత తనకు తప్ప ఎవరికీ అర్థం కాదు, పొరపాటు జరిగితే అది పేషెంటుదే.

పదకొండేళ్ల కిందట మామ లారీ సెల్ఫ్ కొడితే గర్రుమనడం మొదలుపెట్టింది. ఇంజను వెనక తిరగలి రాయంత ఇనుప చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఫ్లైవీలు అంటారు. దాని అంచుకు గాజు తొడిగినట్టు పళ్లున్న రింగు బిగించి ఉంటుంది. తాళం తిప్పగానే సెల్ఫ్‌లోంచి ఒక చిన్న పళ్ల చక్రం ముందుకు దూకి, ఆ రింగును కరిచి తిప్పుతుంది. ఇంజను ఆగినప్పుడల్లా ఇంచుమించు ఒకే చోట ఆగుతుంది కాబట్టి, కరిచినప్పుడల్లా ఆ చోటే కరుస్తుంది. ఏళ్లు గడిచేసరికి అక్కడ పళ్లు అరిగి బోసినోరవుతుంది. డాక్టరు బండిని షెడ్డులో పెట్టి రెండు రోజులు కుస్తీపట్టి రింగు మార్చానన్నాడు. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ గర్రుమంది.

మామ షెడ్డుకు వెళ్లి పదిమందిలో నిలదీశాడు. "ఏం రింగు వేశావురా? అప్పుడే పళ్లు నూరుతోంది!"

"రింగు కొత్తదే బావా. తాళం తిప్పే చెయ్యే పాతది" అన్నాడు డాక్టరు.

అక్కడున్న డ్రైవర్లంతా పగలబడి నవ్వారు. మామ చెవులు ఎర్రబడ్డాయి. ఈ షెడ్డులో ఇక తన బండి చక్రం పెట్టనని అక్కడికక్కడే ఒట్టేసుకున్నాడు. ఆ బండి మీద ఇక స్పానరు పెట్టనని డాక్టరు కూడా ఒట్టేసుకున్నాడు. వేరే మెకానిక్కు దగ్గరికి వెళ్లొచ్చు కదా అంటే, "వాళ్లకు ఈ బండి సంగతి ఏం తెలుసు? దీని మీద చెయ్యి పెట్టగలిగినవాడు వాడొక్కడే. వాడు పెట్టకూడదు" అనేవాడు మామ. ఈ మాటలో తిరకాసు ఆయనకు ఏనాడూ తోచలేదు.

విచిత్రమేమిటంటే బావా బావమరుదులు ఈ పదకొండేళ్లూ మాట్లాడుకోవడం మానలేదు. ఆదివారం డాక్టరు అక్క ఇంటికి భోజనానికి వస్తాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ప్రభుత్వాన్ని తిడతారు, టైర్ల కంపెనీలను తిడతారు, ఒకరి ప్లేటులోది ఒకరు లాక్కుని తింటారు. లారీ మాట మాత్రం ఎవరూ ఎత్తరు. గుమ్మం ముందే, పదడుగుల దూరంలో, చెక్క మీద ఆనుకుని అది నిలబడి ఉంటుంది. దాన్ని ఇద్దరూ చూడనట్టే నటిస్తారు.

ఇలా ఎన్నేళ్లు సాగేదో గానీ, మధ్యలో ఒక విగ్రహం అడ్డొచ్చింది.

ఊరి నడిబొడ్డున కొత్త కూడలి కట్టారు. మధ్యలో మాజీ మున్సిపల్ ఛైర్మన్ విగ్రహం పెట్టాలనుకున్నారు. ఆయన బతికినన్నాళ్లూ కుర్చీలోంచి లేచిన పాపాన పోలేదు. విగ్రహాన్ని మాత్రం నిలబెట్టి, ఒక చెయ్యి పైకెత్తించారు. దాన్ని పోతపోసిన చోటి నుంచి తీసుకొచ్చే కిరాయి మామకు వచ్చింది. కప్పే పట్టా కుట్టే పని అత్తకు వచ్చింది. గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి తెస్తుంటే ఆ ఎత్తిన చెయ్యి లారీ తొట్టిలోంచి బయటికొచ్చి, దారి పొడుగునా జనం ఎవరో లిఫ్టు అడుగుతున్నారనుకున్నారు.

కూడలిలో నేల బల్లపరుపు. కొత్తగా వేశారు కాబట్టి ఇంకా కుంగలేదు. మామ ముందుగానే లెక్క చూసుకున్నాడు: ఇంజను ఆపకూడదు. క్రేను విగ్రహాన్ని ఎత్తి దిమ్మె మీద నిలబెట్టింది. లారీని వెనక్కి తీసుకునేలోగా ఇప్పటి ఛైర్మన్ గారు వచ్చేశారు, మైకు పట్టేసుకున్నారు. పక్కన లారీ డబడబలాడుతూనే ఉంది. మున్సిపల్ కమిషనరు చెమటలు తుడుచుకుంటూ మామ దగ్గరికొచ్చాడు.

"ఇంజను ఆపవయ్యా! సార్ మాట్లాడేది ఎవరికీ వినపడటం లేదు."

"వినపడకపోతే కొంప మునిగేదేముందండీ? పోయినేడు చెప్పిందే చెప్తున్నారు" అన్నాడు మామ.

ఇంతలో ఒక పోలీసాయన క్యాబిన్‌లోకి చెయ్యి దూర్చి, స్టాప్ తీగ లాగేశాడు. ఇంజను ఆగిపోయింది. మామ వెంటనే చుట్టూ పల్లం కోసం చూశాడు. ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. అయ్యాక ఫొటోగ్రాఫర్లు వచ్చారు. చూస్తే విగ్రహానికి సరిగ్గా ఎదురుగా లారీ. ఏ మూల నుంచి తీసినా పైకెత్తిన చెయ్యి ఒక్కటే కనపడుతోంది.

"బండి తియ్యి" అన్నాడు కమిషనరు.

"తియ్యాలంటే తొయ్యాలండి" అన్నాడు మామ.

మొదట ఇద్దరు పోలీసులు తోశారు. కదల్లేదు. బ్యాండువాళ్లు బాజాలు కింద పెట్టి తోశారు. వార్డు సభ్యులు చొక్కా చేతులు మడిచారు. అత్త పక్కనే భుజమానించి, "ఊఁ, ఒక్కసారే!" అని కేకేస్తోంది. ఫొటోగ్రాఫర్లు తనవైపే చూస్తున్నారని గమనించిన ఛైర్మన్ గారు తెల్లటి బట్టలతో వచ్చి, తానూ వెనక తలుపు మీద చెయ్యేశారు. సరిగ్గా అప్పుడే మామ క్లచ్చి వదిలాడు. లారీ ఒక్క కుదుపుతో లేచి, ముప్పావుగంటగా కడుపులో దాచుకున్న పొగంతా ఛైర్మన్ గారి ముఖాన కక్కింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వచ్చింది. కింద "ఊరిని ముందుకు నడిపిస్తున్న ఛైర్మన్" అని రాశారు. ఛైర్మన్ కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనపడలేదు. పక్కనే అత్త మాత్రం స్పష్టంగా కనపడింది. నోరు తెరుచుకుని, జుట్టు రేగి, లారీకి భుజమాన్చి. పేపరు కొని ఇంటింటికీ చూపించిన పక్కింటావిడ, "మన అత్తను చూశారా, ఎద్దులా తోస్తోంది!" అని మెచ్చుకుంది.

ఆ మెచ్చుకోలు అత్త చెవిన పడింది.

మర్నాడు పొద్దున్న మామ లేచేసరికి అత్త పొయ్యి ముందు కూర్చుని ఉంది. లారీ చక్రాల కింద నాలుగు ఇటుకలు పేర్చి ఉన్నాయి.

"చెక్కేదే?"

"పొయ్యిలో ఉంది."

"పొయ్యిలో ఎందుకుంది?"

"కాలడానికి. నీళ్లు కాగాయి, పోయి స్నానం చెయ్యి."

మామ వంగి చూశాడు. పదకొండేళ్లుగా గ్రీజు తాగిన చెక్క కాబట్టి బ్రహ్మాండంగా మండుతోంది.

"ఇంకోటి చేయిస్తా" అన్నాడు బింకంగా.

"చేయించు. అదీ కాలుస్తా. వడ్రంగి ఎన్ని చేస్తాడో, పొయ్యి ఎన్ని తింటుందో చూద్దాం. మంత్రులూ ఛైర్మన్లూ వచ్చి తోసేదాకా తెచ్చావు బండిని. నాకు యాభైనాలుగేళ్లు. ఊరంతా నన్ను ఎద్దంటోంది."

"నేనట్లా అనలేదే."

"నువ్వు అనలేదు. కట్టావు."

మామ స్నానానికి వెళ్లాడు. అత్త ఆ పేపరు చేత్తో పట్టుకుని తమ్ముడి షెడ్డుకు నడిచింది. డాక్టరు ఒక వ్యాను కింద పడుకుని ఉన్నాడు. బయటికి కనపడుతున్న కాళ్లను తన కాలితో తట్టింది.

"రేపు పొద్దున్న మీ బావ బండి వస్తుంది."

వ్యాను కిందినుంచి "నేను ఒట్టేసుకున్నానక్కా" అని సన్నగా వచ్చింది.

"ఆ ఒట్టు కూడా తీసుకురా. పొయ్యి ఇంకా ఆరలేదు."

మర్నాడు ఇంటి ముందు పల్లంలో చివరిసారి దొర్లించి, మామ లారీని షెడ్డుకు తెచ్చాడు. షెడ్డు నేల చదును. ఇంజను ఆపితే బాగుచేయకుండా బయటికి వెళ్లే దారి లేదు. ఆయన చెయ్యి స్టాప్ తీగ మీద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అత్తే లాగింది.

మొదటి రోజంతా మగాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. ఇంటి దగ్గర ఏ అడ్డూ లేని మాటలు, లారీ పక్కన నిలబడగానే బిగుసుకుపోయాయి. అత్త గుమ్మంలో పట్టా పరుచుకుని కుట్టుకుంటుంటే, ఆమె మీదుగా కబుర్లు నడిచాయి.

"అక్కా, ఆ పెద్దమనిషిని పదిహేడో నంబరు స్పానరు అందించమను."

"నా చేతులు ఖాళీ లేవని చెప్పవే మీ తమ్ముడికి."

"ఖాళీ లేని చేతుల్తో ఏం పీకుతున్నారో అడుగక్కా."

నాలుగోసారికి అత్త సూది కింద పెట్టింది. "నేనేమైనా టెలిఫోను స్తంభాన్నా? ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. నోళ్లున్నాయి, చెవులున్నాయి. లేనిదేదో మీకు తెలుసు" అంది.

సెల్ఫ్ ఊడదీశారు. లోపల కరెంటు అందించే కార్బన్లు గోరంత మిగిలాయి, ఇత్తడి బుష్షు అరిగి కోడిగుడ్డు ఆకారమైంది. డాక్టరు ఒక్కో ముక్కనూ పైకెత్తి వెలుతురులో చూసి, నాలిక చప్పరించి, మామకు కనపడేలా బల్ల మీద పెట్టాడు. మామ ప్రతిదానికీ గడ్డం గోక్కున్నాడు.

రెండో రోజు గేరుబాక్సు దించారు. రింగు చూడాలంటే అది దిగక తప్పదు. మామ లారీ కింద పడుకుని కాళ్లతో దాన్ని ఆనించి పట్టుకుంటే, డాక్టరు గొలుసు కప్పీతో అంగుళం అంగుళం వదిలాడు. మధ్యలో ఒకసారి గొలుసు జారి గేరుబాక్సు మామ పొట్ట మీద కాసేపు సేదతీరింది. తర్వాత ఆయిలు వంపారు. నల్లటి ఆయిలుతో పాటు రేకులోకి టకటకమని ఏవో రాలాయి. డాక్టరు గుడ్డతో తుడిచి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇనుప పళ్లు. ఆరు. రెండో గేరువి.

డాక్టరు ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. "అక్కా! రాలిన ఈ పళ్లు ఎవరివో, ఎవరు రాలగొట్టారో, ఆ పెద్దమనిషిని అడుగు! పదకొండేళ్లు రెండో గేరులో కుదేసి కుదేసి స్టార్టు చేస్తే ఏమవుతుందో అడుగు! నా రింగు బాగాలేదట. ఇదిగో, ఎవరి చెయ్యి పాతదో ఇప్పుడు చూడండి!"

డాక్టరు ఆ ఆరు పళ్లనూ ఎదురు కొట్టు టీ మనిషికి చూపించొచ్చాడు, వ్యాను డ్రైవరుకు చూపించొచ్చాడు. దారిన పోయే పోస్ట్‌మ్యాన్‌ను కూడా ఆపి చూపించాడు. ఆ సంబరంలో ఫ్లైవీలు ఊడదీసి అత్త ముందే పెట్టి, దానివైపు చూడకుండా టీ తాగుతూ కూర్చున్నాడు.

అత్తకు పని లేక చూసింది. రింగు పళ్ల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. పట్టా కుట్టేవాళ్లకు ఏది బయటివైపో ఏది లోపలివైపో చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఈ సెల్ఫ్ పళ్లు ఎటువైపు నుంచి వచ్చి కరుస్తాయి?"

"ముందువైపు నుంచి" అన్నాడు డాక్టరు టీ ఊదుకుంటూ.

"ఒకవైపు నుంచే కదా?"

"ఒకవైపు నుంచే."

"మరి ఈ రింగు రెండువైపులా అరిగిందేం? పాత పట్టాను తిరగేసి కుట్టినట్టుంది."

డాక్టరు టీ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. మామ లారీ కిందినుంచి మోచేతుల మీద పాక్కుంటూ బయటికొచ్చి, రింగు వైపు చూసి, బావమరిది వైపు చూశాడు. పదకొండేళ్లలో మొదటిసారి, లారీ పక్కన నిలబడి, నేరుగా అతనితో మాట్లాడాడు.

"తిరగేశావా?"

డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "అప్పుడు ఈ మోడలు రింగు ఎక్కడా దొరకలేదు బావా. నీకేమో లోడు ఆగిపోయి ఉంది. షెడ్డు పెట్టి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. లేదు, దొరకలేదు అనడానికి మనసొప్పలేదు. పాతదాన్నే ఊడదీసి, అరగని వైపు ముందుకొచ్చేలా తిరగేసి బిగించా. నాలుగు నెలల్లో కొత్తది వస్తుంది, పిలిచి మార్చేద్దామనుకున్నా. ఈలోగా నువ్వు పదిమందిలో వచ్చి అరిచావు. నేను కొత్తదే అనేశా. అన్నాక ఇక ఎట్లా వెనక్కి తీసుకోను?"

"కొత్తది వచ్చిందా మరి?"

డాక్టరు లేచాడు. గోడకు వేలాడుతున్న కాలెండరు పక్కకు జరిపాడు. దాని వెనక మేకుకు నూనె కాగితం చుట్టిన గుండ్రటిదేదో ఉంది. దుమ్ము దులిపి, కాగితం విప్పి తెచ్చాడు. రింగు. ఒక్క పన్ను కూడా అరగని, నీలంగా నిగనిగలాడే కొత్త రింగు.

"నువ్వు అరిచెళ్లిన మూడో వారానికే వచ్చింది" అన్నాడు. "ప్రతి ఏడూ కాలెండరు మార్చేటప్పుడు తీసి నూనె రాసి మళ్లీ పెడుతున్నా."

మామ రింగును చేతుల్లోకి తీసుకున్నాడు. పదకొండు సార్లు నూనె రాసిన ఆ ఇనుమును బొటనవేలితో రుద్దుతూ నిలబడిపోయాడు. చివరికి ఆయనకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. డాక్టరు ముందు భయంభయంగా, తర్వాత పగలబడి నవ్వాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

అత్త నవ్వలేదు.

"బాగుంది" అంది లేస్తూ. "ఒకడు అబద్ధమాడాడు, ఇంకొకడు అలిగాడు. వాడు గోడకు రింగు దాచుకున్నాడు, వీడు వీధివీధినా పల్లం వెతుక్కున్నాడు. ఆదివారం ఆదివారం నా చేతి వంట తింటూ ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఈ మధ్యలో చెక్క లాగింది నేను. వానలో లాగాను, ఎండలో లాగాను, బెణికిన కాలితో లాగాను. ఇప్పుడు మీకు నవ్వొస్తోందా? నవ్వుకోండి. బండి లేచాక నన్ను పిలవండి. లేవకపోతే మీరూ రాకండి."

పట్టా చుట్ట చుట్టుకుని వెళ్లిపోయింది. ఆ ఆదివారం ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇద్దరూ షెడ్డులో ఎండు రొట్టె నీళ్లలో ముంచుకుని తిన్నారు.

అత్త లేకపోవడంతో నేరుగా మాట్లాడుకోక తప్పింది కాదు. డాక్టరు పాత ఇనుప సామాను కొట్లో ఇదే మోడలు గేరుబాక్సు వెతికి, రెండో గేరు జత ఊడబెరుక్కొచ్చాడు. మామ దాన్ని డీజిలుతో కడిగి, పన్ను పన్నూ బ్రష్షుతో తోమాడు. తన పళ్లు కూడా ఆయన అంత శ్రద్ధగా ఏనాడూ తోమలేదు. క్లచ్చి ప్లేటుకు కొత్త పట్టీ రివెట్లు కొట్టించారు. సెల్ఫ్‌కు కార్బన్లు, బుష్షు, చిన్న పళ్ల చక్రం కొత్తవి వేశారు. ఇక మిగిలింది రింగు తొడగడం.

రింగు చల్లగా ఉంటే ఫ్లైవీలుకు ఎక్కదు. కాలిస్తే వెంట్రుకవాసి పెద్దదవుతుంది. అప్పుడు దబుక్కున వేసెయ్యాలి. నాలుగు క్షణాలు ఆలస్యమైతే బిగుసుకుపోయి అక్కడే వంకరగా ఇరుక్కుంటుంది. బొగ్గుల మీద రింగును పెట్టి ఇద్దరూ చెరో పక్కా కూర్చున్నారు. లేత పసుపు రంగు తిరిగింది. తర్వాత అంచు నీలంగా మారడం మొదలుపెట్టింది.

"తియ్యి" అన్నాడు మామ.

"ఇంకా ఆగు."

"మాడిపోతుందిరా!"

"మాడటానికి ఇదేమైనా రొట్టెనా? ఆగమన్నానా!"

ఆ వాదనలో పట్టకార్లతో ఎత్తేసరికి ఇద్దరూ చెరోవైపు లాగారు. రింగు ఫ్లైవీలు మీద ఒక పక్క దిగి, రెండో పక్క బొటనవేలు ఎత్తున ఆగిపోయింది. నిమిషంలో చల్లారి, ఏటవాలుగా, వాళ్లనే వెక్కిరిస్తున్నట్టు బిగుసుకుంది. దాన్ని మళ్లీ వేడిచేసి, చుట్టూ సుత్తితో తట్టి ఊడదీసేసరికి మధ్యాహ్నమైంది.

రెండోసారి ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. "నువ్వే చెప్పు, నేను నోరెత్తను" అన్నాడు మామ. అన్నమాట నిలబెట్టుకోవడానికి నోట్లో గుడ్డపీలిక పెట్టుకున్నాడు. డాక్టరు "ఊఁ" అన్నాడు. ఎత్తారు, సమంగా పట్టారు, వదిలారు. రింగు చుట్టూ ఒకేసారి టక్కుమని కూర్చుంది. మామ గుడ్డ తీసి, "ఎటువైపు పెట్టావు? తిరగెయ్యలేదు కదా?" అని అడిగాడు. డాక్టరు సుత్తి ఎత్తాడు గానీ కొట్టలేదు.

అయిదో రోజు పొద్దున్న అత్తకు కబురెళ్లింది. తీరిగ్గా వచ్చింది. మామ క్యాబిన్ ఎక్కబోతుంటే అడ్డంగా చెయ్యి పెట్టింది.

"దిగు. తోసిందాన్ని నేను. తాళం నేను తిప్పుతా."

మామ దిగాడు. అత్త ఎక్కి సీట్లో సర్దుకుని, తాళం పెట్టి తిప్పింది. గర్రుమనలేదు. కొత్త రింగు, కొత్త సెల్ఫ్, చార్జి పెట్టిన బ్యాటరీ. మూడూ పదకొండేళ్ల ఆకలితో ఉన్నట్టు ఒక్కసారే కరిచాయి. ఇంజను లేచింది. లారీ కూడా లేచింది. మామ అలవాటు కొద్దీ బండిని రెండో గేరులోనే వదిలేశాడు. అది ఎదురుగా ఉన్న రేకు గోడను చీల్చుకుని, "ఇక్కడ అన్ని రకాల బండ్లు బాగుచేయబడును" అన్న బోర్డును మెడలో వేసుకుని, సగం వీధిలోకి వెళ్లి ఆగింది.

దుమ్ము అణిగాక అత్త కిటికీలోంచి తల బయటపెట్టింది. ఆమె ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. ముఖం మాత్రం అయిదు రోజుల తర్వాత విచ్చుకుంది.

"బాగా లేస్తోందిరా తమ్ముడూ" అంది. "గోడదేముంది, పాత పట్టా ఒకటి కుట్టి కట్టేస్తా."

డాక్టరు గోడ వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "రెండో గేరు కూడా బాగా పనిచేస్తున్నట్టే ఉంది" అన్నాడు నీరసంగా.

ఆ తర్వాతి వారం మామ ధాన్యం గోడౌన్ల వైపు లోడుకు వెళ్లాడు. అక్కడ మైలు పొడుగున మైదానం, ఎత్తూ పల్లమూ అన్న మాటే లేదు. నలభై లారీల వరస. ముందు బండి పదడుగులు కదిలితే వెనకవాళ్లు పదడుగులు కదలాలి. మిగతా డ్రైవర్లంతా ఇంజన్లు ఆపకుండా ఉంచి కునికిపాట్లు పడుతున్నారు. మామ మాత్రం పదడుగులకోసారి ఇంజను ఆపేస్తాడు. ముందు బండి కదలగానే తాళం తిప్పుతాడు. లేస్తుంది. పదడుగులు పోతాడు, ఆపేస్తాడు. మళ్లీ తిప్పుతాడు. లేస్తుంది. ప్రతిసారీ పక్కన కూర్చున్న అత్త వైపు తిరిగి కనుబొమలెగరేస్తాడు. ఆమె పట్టా కుట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "ఊఁ, విన్నాను" అంటుంది.

పాతికసార్లయ్యాక వెనక లారీ డ్రైవరు దిగి వచ్చి తలుపు కొట్టాడు.

"ఏం పెద్దాయనా, బండికేమైనా జబ్బా? ఊరికే ఆగిపోతోంది. నలుగురం కలిసి ఒక చెయ్యేసి తొయ్యమంటావా?"

"అక్కర్లేదు నాయనా, లేస్తుంది. ఇదిగో చూడు" అని మామ మళ్లీ తాళం తిప్పాడు.